మన వాగులు, వాటి దారులు
(శతాబ్ది ఉత్సవముల సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది ఉత్సవము అనగానే మిషనెరీల జీవితములు, దేవాలయములు కట్టిన వైనము, తొలి బాప్తిస్మములు, బడులు, ఆసుపత్రులు – వీటిని గూర్చి మాటలాడుట ఆచారము. ఆ సంగతులు చెప్పదగిన పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు. మేము ఈ పూట మీతో వాగులను గూర్చి మాటలాడదలచితిమి.

ఇది దైవసంబంధమైన విషయము కాదని ఎవరైనను అనుకొందురేమో. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో వాగో ఒర్రెయో దాటకుండ ఆరాధనకు రాగలిగిన ఊళ్లు ఎన్ని? వాగు నిండుగా వచ్చిన ఆదివారమున గుడి సగము ఖాళీగా నుండును. వాగు రాని సంవత్సరమున కోతపండుగ వేలములో గుమ్మడికాయకు కూడ ధర పలుకదు. మన సంఘముల సుఖదుఃఖములు ఇంతగా వాగులతో ముడిపడియుండగా, వాటి సంగతి మనకు తెలిసినది కొంచెమే. సండే స్కూలు పిల్లలను యోర్దాను నది ఎక్కడ పడునని అడిగిన, ఉప్పు సముద్రములో అని తడుముకొనక చెప్పుదురు. మీ ఊరి వాగు ఎక్కడ పడునని అడిగిన, "చెరువుల పడతది" అందురు. ఆ మాట తప్పు కాదు. అయితే చెరువు మత్తడి దూకిన తరువాత ఆ నీరు ఎక్కడికి పోవును?

ముందుగా మన నేల వాలును చూతము. కామారెడ్డి మిట్ట, ఎల్లారెడ్డి పల్లము. కామారెడ్డి ప్రాంతపు మిట్ట పెంకుటింటి కొప్పు వంటిది. కొప్పుమీద పడిన వాన కొంత ముందరి వాకిట్లోనికి, కొంత వెనుక పెరట్లోనికి జారును గదా! అట్లే తాడ్వాయి, లింగంపేట వైపు పడిన వాన పడమటి వాలు పట్టి పోచారమునకు, అక్కడనుండి మంజీరకు పోవును. మాచారెడ్డి, పాల్వంచ, బీబీపేట వైపు పడిన వాన తూర్పు వాలు పట్టి మానేరుకు పోవును. పాల్వంచ వాగును, సిద్దిపేట వైపునుండి వచ్చు కూడవెల్లి వాగును నర్మాల వద్ద ఎగువ మానేరు జలాశయములో చేరును. నర్మాల నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనున్నది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినవి. నీళ్లకు ఆ సంగతి తెలియదు.

ఈ రెండు వాలులమీద ఒకే మబ్బునుండి రెండు చుక్కలు పడినవనుకొందము. తూర్పు చుక్క నర్మాల దాటి, సిరిసిల్ల ప్రక్కగా పోయి, మానువాడ వద్ద మధ్య మానేరును, కరీంనగరు వద్ద దిగువ మానేరును చూచి, మంథని దాపున అరెంద వద్ద గోదావరిలో కలియును. పడమటి చుక్క పోచారము, మంజీర, నిజాంసాగరు దాటి, ఉత్తరమునకు పోయి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో చేరును. తరువాత శ్రీరాంసాగరు, ధర్మపురి, ఎల్లంపల్లి మీదుగా అదే మంథని ప్రాంతమునకు వచ్చును. కామారెడ్డి మిట్టమీద విడిపోయిన రెండు చుక్కలు అంత దూరము తిరిగి అరెంద వద్ద మరల కలిసికొనుచున్నవి. ఈ సంగతి మేము మొదట పటము ముందు పెట్టుకొని వ్రేలితో గీచి చూచుకొన్నప్పుడు చాలసేపు ఆ పటము మూయలేకపోయితిమి. మీరును మీ పిల్లలతో కలిసి అట్లు గీచి చూడుడి.

పడమటి వాలు సంగతి కొంచెము వివరముగా చెప్పుదుము. ఆ వైపు ముఖ్యమైనది ఆలేరు. (యాదగిరిగుట్ట దారిలోనున్న ఆలేరు పట్టణముతో దీనికి సంబంధము లేదు.) లింగంపేట పెద్దవాగు, గుండారం వాగు మొదలైనవి తెచ్చిన నీటిని నాగిరెడ్డిపేట మండలములోని పోచారము వద్ద ఆనకట్ట ఆపుచున్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలమున, 1916 మొదలు 1922 వరకు, దీనిని రాతితో కట్టిరి. దీని క్రింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలములలో సుమారు 10,500 ఎకరములు పారును. మిగిలిన నీరు మత్తడి దూకి మంజీరలో పడి నిజాంసాగరుకు పోవును. పోచారము నిండు మట్టము 1,464 అడుగులు. నిజాంసాగరు నిండు మట్టము 1,405 అడుగులు. నడుమ 59 అడుగుల దిగుడు. ఎల్లారెడ్డి ప్రాంతపు పొలములు చాల భాగము ఆ దిగుడులోనే పండుచున్నవి.

ఇక్కడ ఒక మాట. మన మెదకు మహాదేవాలయమును పాస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిపించిరి. అవి మొదటి ప్రపంచ యుద్ధము, కరవు, రోగములు కలిసి వచ్చిన దినములు. పనికి కూలి, కూలికి కూడు దొరికినందున ఎన్నో కుటుంబములు ఆ రాళ్లు మోసి బ్రదికిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నాము. ఆ ఏండ్లలోనే, మెదకుకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పోచారము కట్టకు కూడ రాయి ఎత్తుచుండిరి. ఒకటి ఆరాధనకు, ఒకటి సేద్యమునకు. మొదటి దానికి నూరేండ్లు నిండిన సందర్భమున మనము దీపములు పెట్టి పండుగ చేసికొంటిమి. రెండవ దానికి 2022లో నూరేండ్లు నిండినవి; మన ప్రార్థనలలో దానిని తలచిన సంఘములు ఎన్ని?

మంజీర సంగతి క్లుప్తముగా. మహారాష్ట్రలోని బీడు జిల్లా బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు ప్రాంతముల మీదుగా వచ్చి, 724 కిలోమీటర్లు పారును. దక్కను నదులు సాధారణముగా తూర్పునకు పోవును. మంజీర మాత్రము మన ప్రాంతమునకు వచ్చి ఉత్తరమునకు మళ్లును. మెదకు దాపున ఏడుపాయల వద్ద పాయలుగా చీలి, మరల కూడి, అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల నడుమ నిజాంసాగరులో నిలుచును. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ఇంజనీరుగా, 1923 మొదలు 1931 వరకు దీనిని కట్టిరి. దీనికొరకు సుమారు 40 ఊళ్లు ఖాళీ అయినవి. మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టిన సాగరము పూడికవలన నేడు 18 టీఎంసీల లోపే పట్టుచున్నది. పైనున్న చేలమీది మట్టి, మన మిట్టల మట్టి కూడ, అందులో కూర్చున్నది.

ఇక బైబిలు చదువువారముగా ఒక విషయము గమనింతము. నది అనగానే మన మనస్సునకు గోదావరి వంటి నిండు ప్రవాహము తోచును. వేదాంత కళాశాలలో మేము పాలస్తీనా దేశపు భూగోళమును చదివినప్పుడు తెలిసికొన్నదేమనగా, పరిశుద్ధ గ్రంథములో పేర్కొనబడిన నీళ్లు అనేకము మన వాగుల వంటివే. వానకు పొంగి, ఎండకు ఇసుక తేలునవే. ఏలీయా దాగిన కెరీతు వాగు దేశములో వాన లేనందున ఎండిపోయెను. ప్రవక్త అక్కడనుండి లేచి ఒక బీద విధవరాలి ఇంటికి పోవలసివచ్చెను. కీషోను వాగు ఒక్కసారిగా పొంగి సీసెరా సైన్యమును కొట్టివేసెను. యోబు తన స్నేహితులను వాగులతో పోల్చెను. చలికాలమున నిండుగా కనబడి, దాహమైన బాటసారి వచ్చువేళకు ఇంకిపోవునట్టి వాగులతో. ఆ మాట లండనులో కూర్చుండి చదివినవానికంటె లింగంపేటలో కూర్చుండి చదివినవానికి త్వరగా బోధపడును. చైత్రమాసములో పెద్దవాగు ఇసుకలో చెలిమ తోడి, నీరు ఊరువరకు బిందె ప్రక్కన పెట్టుకొని కూర్చున్న తల్లులు మనలో ఇంకను ఉన్నారు. యోబు ఏమనెనో వారికి వ్యాఖ్యానము అక్కరలేదు.

మన వాగులు ఇట్లు ఎందుకు పొంగును, ఎందుకు ఎండును? మనది గుండ్ల నేల. పైన మన్ను పలుచన, క్రింద కఠిన శిల. పడిన వాన లోనికి ఇంకుటకు చోటు తక్కువ. వాలు దగ్గరిది గనుక త్వరగా దిగును. కాబట్టి మన పూర్వులు నీటిని ఆపి ఆపి నడిపించు ఏర్పాటు చేసిరి. పై చెరువు మత్తడి నీరు క్రింది కుంటకు, కుంట నీరు ఆ క్రింది చెరువునకు. దీనినే గొలుసుకట్టు చెరువులందురు. ఒక్కొక్క చెరువు వాగు వేగమును కొంత కొంత తగ్గించును. ఎండకాలమున బావులలో ఊట నిలుపును. ఈ చెరువుల విలువ ప్రభుత్వమును గుర్తించినది. 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయు మిషన్ కాకతీయ పనిని 2015 మార్చి 12న మొదలుపెట్టినది ఎక్కడనో కాదు, మన సదాశివనగరులోనే.

చెరువు అనగా కట్ట, తూము, మత్తడి మాత్రమేనా? దానివెంట ఒక మనిషి ఉండెను. ఆయనే నీరటి. ఏ వానకు ఏ చెరువు నిండునో, ఏ మడికి ఎన్ని గడియలు నీరు విడువవలెనో, ఏ రాత్రి కట్టమీద కావలి పండుకొనవలెనో ఆయనకు తెలిసియుండెను. మన సంఘములలో చాల ఇండ్ల తాతలు నీరటులు. ఆ పని వారికి గౌరవముతో ఇచ్చినది కాదని మనకు తెలియును. వెట్టిగా చేయించుకొనిరి, నీరు ఊరందరికి పంచినవానికి ఊరి బావిలో చేద వేయు హక్కు లేకుండెను. మన పెద్దలు సువార్త విని, బడికి పోయి, ఆ వెట్టినుండి బయటపడుట దేవుని కార్యము. దానికి స్తోత్రము. అయితే వెట్టితోబాటు ఆ విద్య కూడ పోయినది. నీటి విద్య నేర్చిన తాత మనుమడు నేడు పట్టణములో ఉద్యోగము చేయుచు, వాగు పారు దారిలోనే ప్లాటు కొనుచున్నాడు. కొనువానిని మాత్రమే మేము తప్పు పట్టము. అమ్మినవాడు అది కాలువయని చెప్పడు గదా!

2025 ఆగస్టు 27వ తేదీని మీలో ఎవరును మరువరు. వినాయక చవితి దినము. రాజంపేట మండలము ఆర్గొండలో 24 గంటలలో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. సంవత్సరమంతయు పడవలసిన దానిలో మూడవ వంతుకు ఎక్కువ ఒక దినములోనే పడెను. కామారెడ్డి కాలనీలలో ఇండ్లలోనికి నీరు చొచ్చెను. భిక్కనూరు, తలమడ్ల నడుమ రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయెను. మొదట చెప్పిన ఇంటికొప్పును జ్ఞాపకము చేసికొనుడి: ఆ వాన రెండు వైపులకు దిగెను. తూర్పున నర్మాల వద్ద వరదలో చిక్కుకొన్నవారిని మరునాడు హెలికాప్టరుతో తీయవలసివచ్చెను. పడమట పోచారము కట్ట నిలుచునా నిలువదా అని క్రింది ఊళ్లవారు రాత్రి సామానులు నెత్తిన పెట్టుకొని మిట్టలెక్కిరి.

ఆ దినము పోచారమునకు వచ్చిన వరద 1 లక్షా 82 వేల క్యూసెక్కులు. ఆ కట్ట తట్టుకొనునని లెక్కవేసి కట్టినది 70 వేల క్యూసెక్కులకే. ఈ అంకెలు పత్రికలలో చదివి విడిచిపెట్టకుడి. కొంచెము లెక్క చేయుడి. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. పోచారము నిండుగా పట్టునది 1.82 టీఎంసీలు, అనగా 182 కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు 1 లక్షా 82 వేల చొప్పున వచ్చిన, ఖాళీ జలాశయము నిండుటకు పట్టునది పది వేల సెకండ్లు. మూడు గంటలు కూడ కాదు! ఆ రేవున దెబ్బ తగిలెను, ప్రక్కన మట్టి కోసుకొనిపోయెను, మెదకు – ఎల్లారెడ్డి దారి తెగెను. అయినను నూట మూడు సంవత్సరముల ఆ రాతికట్ట నిలిచెను. ఆ రాయి పేర్చిన మేస్త్రీల పేర్లు ఏ శిలాఫలకముమీదను మేము చూడలేదు.

కట్ట నిలిచినది. మరి ఇండ్లు? ప్రతి ఊరిలో నీరు మొదట ఎవరి ఇండ్లలోనికి వచ్చినదో చూడుడి. మన వాడలు ఊరికి పల్లమున, వాగు వైపున ఉండుట యాదృచ్ఛికము కాదు. మిట్టమీది చోటు ఇతరులకు, వాగు అంచు మనకు అని పూర్వము ఏర్పరచిరి. ఇప్పుడు పట్టణములలో తక్కువ ధరకు దొరకు చోటు కూడ అట్టిదే. మత్తడి కాలువ పూడ్చినవాడు ఒకడు, శిఖము భూమిలో రాళ్లు పాతినవాడు ఒకడు, వాగులో ఇసుక తోడి గట్టు బలహీనపరచినవాడు ఒకడు. బియ్యపు డబ్బా తడిసినది వేరొకరిది. ఇందులో మన సంఘస్థులు అందరును బాధితులే అని చెప్పుటకు మాకు నోరు రాదు. ఇసుక ట్రాక్టరు తోలి జీవనము చేయు యౌవనులు మన గుడిలో కూడ వెనుక బల్లమీద కూర్చుండుచున్నారు. వారిని బల్లమీదనుండి లేపుటకు మేము ఈ మాట చెప్పలేదు. వారితో కూర్చుండి మాటలాడవలెనని చెప్పుచున్నాము.

వరద సంగతి ఇట్లుండగా, నీరు తక్కువైన సంవత్సరములలో మరియొక పోరు ఉన్నది. పోచారము క్రింద యాసంగిలో నీరు ఆయకట్టు అంతటికి చాలదు గనుక, ఆయకట్టును రెండు భాగములు చేసి వంతులవారీగా ఇచ్చుచుందురు. వంతు రానివారు ఆ యాసంగి బోరు నమ్ముకొందురు, లేదా పడావు పెట్టుదురు. ఏర్పాటు న్యాయమైనదే. అయినను రాత్రివేళ తూము షట్టరు ఎవరు ఎత్తిరన్న తగవు ప్రతి సారియు వచ్చును. కాలువ మొదట ఉన్న సంఘము, కాలువ చివర ఉన్న సంఘము ఒకే ప్రభువు బల్ల వద్దకు వచ్చునవే. ఇస్సాకు పనివారు త్రవ్విన బావిని గూర్చి గెరారు కాపరులు పోట్లాడిరి. మరియొకటి త్రవ్వగా దానికిని పోట్లాడిరి. ఏశెకు అనియు శిత్నా అనియు వాటికి పేళ్లు పెట్టి ఆయన ముందుకు జరిగెను. మూడవదానికి తగవు రాలేదు, దానికి రహెబోతు అని పేరు పెట్టెను. ఇస్సాకు జరుగుటకు ఖాళీ భూమి ఉండెను. మనకు లేదు. ఉన్న కాలువనే పంచుకొనవలెను. కాబట్టి మన కష్టము ఇస్సాకు కష్టముకంటె ఒక పాలు ఎక్కువ.

పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగిన ప్రశ్నను ఈ కోణమునుండి తలచితిమి. తాడ్వాయివానికి తాను చూడని నాగిరెడ్డిపేటవాడు పొరుగువాడు. పై చెరువు గండి పడిన ఆ నీరు తెల్లవారేలోగా వాని వాకిట నిలుచును గదా. మాచారెడ్డివానికి నర్మాలవాడు పొరుగువాడు. మన పాస్టరేట్ల హద్దులు రోడ్లనుబట్టి, బస్సులనుబట్టి ఏర్పడినవి. వాగునుబట్టి చూచినయెడల వేరొక చుట్టరికము కనబడును. దానిని మనము ఎన్నడును కాగితముమీద పెట్టుకొనలేదు.

అందుచేత ఈ శతాబ్ది సంవత్సరమున పాస్టరేట్ కమిటీలకు మా మనవి ఒకటి. వచ్చు కోతపండుగకు ముందు ప్రతి సంఘము తన వాగును గూర్చి ఒక పటము గీయవలెను. వాగు ఎక్కడ పుట్టుచున్నది, ఏ కుంటలు, ఏ చెరువులు దాటుచున్నది, మత్తడి కాలువ ఎక్కడ పూడినది, 2025లో ఎవరి గోడవరకు నీరు వచ్చినది – ఇవి అందులో ఉండవలెను. ఆ నీటి మట్టమును గుడి గోడమీద కూడ ఒక గీతగా వేయుడి. పిల్లలు అడుగుదురు, చెప్పవచ్చును. వాగు వెంబడి పై ఊరిలో ఒకరి ఫోను నంబరు, క్రింది ఊరిలో ఒకరి ఫోను నంబరు సంఘ పెద్దల వద్ద ఉండవలెను. రాత్రి రెండు గంటలకు పై చెరువు మత్తడి దూకినప్పుడు క్రింది వాడ తలుపు తట్టుటకు ఎవరు పోవుదురో ముందే ఏర్పరచుకొనుడి. పూడిన కాలువల జాబితా వ్రాసి, పై సంఘము, క్రింది సంఘము కలిసి చేవ్రాళ్లు చేసి అధికారులకు ఇయ్యుడి. వేరువేరుగా ఇచ్చిన కాగితముకంటె దానికి బలము ఉండును.

పటము గీయు దినమున యౌవనుల కూటము వాగు వెంబడి నడిచి రావలెను. పాత నీరటులు ఇంకను కొందరు బ్రదికియున్నారు, ఎనుబది దాటినవారు. వారు నడువలేకపోయిన ఆటోలో ఎక్కించుకొని కట్టవరకు తీసికొనిపొండి. దారిలో ఎక్కడ ఆపుమన్న అక్కడ ఆపి, వారు చూపినదెల్ల వ్రాసికొనుడి.